గోరు పెరిగేదాకా

మా బాటనీ సారు కుడిచేతి బొటనవేలి గోరు గురించి గద్వాలలో కనీసం నాలుగు కథలుండేవి. చిన్నప్పుడు సితార్ నేర్చుకున్నారని ఒకటి. ఎవరో అయ్యగారు జాతకం చూసి ఆ ఒక్క గోరు తీయొద్దన్నారని ఇంకొకటి. బస్టాండు ముందు ఉగ్గాని, బజ్జీల బండి నడిపే ఆయనైతే, మిరపకాయ బజ్జీలో గింజలు తీసేయడానికే సారు గోరు పెంచుతున్నారని గట్టిగా నమ్మేవాడు. తీస్తుండగా కళ్లారా చూశాడు మరి. నాలుగో కథ మా కాలేజీ అటెండర్‌ది. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

అసలు సంగతి నాకు తెలుసు. ఆ గోరు పెరగడానికి కారణం మేమే, నేనూ మా అమ్మా. అది నిదానంగా పెరగబట్టే నేనీరోజు బాటనీ మేడంనయ్యాను.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న నాగర్‌కర్నూల్‌లో మా కాలేజీ ల్యాబులో కూర్చుని రికార్డులు దిద్దుతుంటే ఫస్టియర్ అమ్మాయి ఒకతి టీసీ ఫారం పట్టుకుని వచ్చింది. అమ్రాబాద్ పిల్ల. ఎప్పుడూ చివరి బెంచీలో, కిటికీ పక్కన కూర్చుంటుంది.

"మీ సంతకం గావాలె మేడం. అది లేకుంటే ఆఫీసుల టీసీ ఇస్తలేరు."

"ఎందుకు పోతున్నవ్?"

"నాకు నర్సింగ్ గావాల్నుండె. సీటు రాలే. ఇంటికాడ ఉండి మల్ల రాస్త. గీ బాటనీ నాకొద్దు."

చెప్పడంలో కోపమేమీ లేదు. వడ్డించింది ఆకలికి తిని చెయ్యి కడుక్కుంటున్నట్టు చెప్పింది. పెన్ను మూత తీశాను. తీసి, ఎందుకో నా బొటనవేలి వంక చూసుకున్నాను. "రేపు రా" అన్నాను. ఆ పిల్ల మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది. రికార్డులు పక్కన పెట్టేశాను. ఆ సాయంత్రమంతా మా సారే కళ్లముందు తిరిగారు.

మనిషి సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉండేవారు. చొక్కా జేబులో పెన్నుతోపాటు ఎప్పుడూ ఏదో ఒక ఆకు ఉండేది. పెళ్లికి పిలిస్తే ముందు గుమ్మం దగ్గర ఆగి తోరణం పరీక్షించేవారు. ఒకసారి మామిడాకుల మధ్యలో వేరే ఆకులు కలిపి కట్టారని పెళ్లికొడుకు తండ్రికే చెప్పి, ఆయనతోనే మళ్లీ తోరణం కట్టించి గానీ భోజనానికి కూర్చోలేదు. ప్రిన్సిపల్ గారి గదిలో కొత్తగా ప్లాస్టిక్ మొక్క పెట్టినప్పుడు, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి నీళ్లు ఎవరు పోస్తుండ్రు సార్? మంచిగ సాకుతుండ్రు" అన్నారట, మొహంలో నవ్వు లేకుండా. ల్యాబు వెనక గడ్డి పీకడానికి వచ్చిన వాళ్లను మాత్రం కర్ర పట్టుకుని తరిమేవారు. "అవి గూడ అడ్మిషన్ తీసుకున్నయే" అనేవారు.

ఆయన మొదటి రోజు పాఠం చెప్పేవారు కాదు. హాజరు పుస్తకం తెరిచి, మూసి, మా వంక చూశారు.

"పేర్లు చెప్పకుండ్రి. పేర్లు పుస్తకంల ఉన్నయ్. ఏ సీటు రాక గీడికొచ్చిండ్రో గది చెప్పుండ్రి."

ఎవరూ లేవలేదు. ఆ గదిలో బాటనీ కోసం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరని మాకందరికీ తెలుసు గానీ, సారుకు తెలిసిపోయిందే అని సిగ్గు. చివరికి వనపర్తి కుర్రాడొకడు లేచాడు.

"ఇంజనీరింగ్ సార్. మంచి కాలేజీల రాలే."

"కూసో ఇంజనీరు. తర్వాత?"

పోలీసు ఉద్యోగానికి ఎత్తు చాలనివాడు ఒకడు, "కూసో ఎస్సై" అయ్యాడు. పశువుల డాక్టరు కావాలనుకున్నవాళ్లు ఇద్దరుంటే పెద్ద పశువుల డాక్టరు, చిన్న పశువుల డాక్టరు అన్నారు. నా వంతు వచ్చింది. ఎంబీబీఎస్ అన్నాను, నేలను చూస్తూ.

"కూసో డాక్టరమ్మా."

అందరిదీ అయ్యాక ఆయన బల్ల మీద కూర్చున్నారు. "నేను గూడ ఇష్టపడి రాలే. నాకు బస్ కండక్టర్ గావాల్నుండె. తోలు సంచి ఏసుకొని, విజిల్ ఊదుకుంట, రాయచూరు దాక పోవాల్నని. నౌకరీ రాలే. బాటనీ నాకు రెండో సంబంధం. మొదటిది తప్పిపాయె. ఏం జేస్తం, కాపురం జేస్తున్న."

గది గొల్లుమంది. అంత పెద్ద నవ్వు అంతమంది ఓడిపోయినవాళ్లు నవ్వడం నేను మళ్లీ వినలేదు.

ఆ రోజు నుంచి మూడేళ్లూ హాజరు అలాగే పిలిచారు. పుస్తకంలో పేరు చూసేవారు, నోటితో మాత్రం "ఇంజనీరు?" అనేవారు. "ప్రెజెంట్ సార్." "ఎస్సై?" "ప్రెజెంట్ సార్." మా సీనియర్లలో ఒకరిద్దరిని మాత్రం పేరు పెట్టి పిలిచేవారు. వాళ్లేం చేసి ఆ పేరు సంపాదించుకున్నారో మాకు తెలియదు.

మిగతావాళ్లకు అది ఆట. నాకు మొదటి వారం హాస్టల్లో దుప్పటి కప్పుకుని ఏడవడానికి సరిపోయింది. డాక్టరమ్మా అని పిలిచినప్పుడల్లా పుండు మీద కారం చల్లినట్టుండేది. అయితే ఒక మేలు లేకపోలేదు. నాది పాత కాలపు పేరు. అమ్మ మొక్కుకుంటే పుట్టానని గద్వాల దేవత పేరు పెట్టారు. బడిలో ఆ పేరు పిలిస్తే ముందు బెంచీలు నవ్వేవి. ఇక్కడ ఆ బాధ తప్పింది.

మాది అయిజ దగ్గర పల్లె. నాయిన నా చిన్నప్పుడు పుణెకు వలసపోయి బిల్డింగు పనులు చేసేవాడు. తర్వాత ఊళ్లోనే నిలబడి సీడు పత్తి పెట్టాడు. తెలియనివాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. చేనులో కొన్ని వరసలు మగవి, మిగతావన్నీ ఆడవి. రేపు విచ్చబోయే ఆడ మొగ్గను ఈరోజు మధ్యాహ్నమే పట్టుకుని, బొటనవేలి గోరుతో మొదట్లో గిల్లి, రేకులూ లోపలి పుప్పొడి గొట్టమూ కలిపి ఒక్క తిప్పుతో లాగేయాలి. మధ్యలో సన్నటి కాడ మాత్రం మిగలాలి. అది తెగిందా, కాయ పోయినట్టే. గుర్తుకు ఎర్ర దారం కట్టాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెంపుకొచ్చి ఆ కాడకు పుప్పొడి రాయాలి. ప్రతి పువ్వుకూ ఇంతే, చేనంతా ఇంతే, కాలం అయిపోయేదాకా ఇంతే.

ఆడ వరసలో ఎక్కడైనా నిండుగా విచ్చిన పువ్వు కనిపించిందంటే అది మేం చూడక వదిలేసిన మొగ్గ అన్నమాట. అమ్మ దాన్ని తెంపి నా మొహం ముందర ఆడించి తిట్టేది. అందుకే పూసిన పత్తి పువ్వును చూస్తే నాకు అందం కనిపించేది కాదు, తిట్లు వినిపించేవి. డాక్టరు కావాలని నేను అంతగా కోరుకోవడంలో సగం ఆ చేను నుంచి పారిపోవడానికే. హాస్టల్లో చేరిన రోజే బొటనవేలి గోరు మొదలంటా కత్తిరించేశాను. వేలికి పట్టిన పసరు మరక మాత్రం పోలేదు. నలుగురిలో ఆ చెయ్యి చున్నీ కింద దాచుకునేదాన్ని.

రెండో నెలలో సారు పరీక్ష పెట్టారు. పత్తి పువ్వు బొమ్మ గీసి భాగాలు గుర్తించమన్నారు. అందరూ తల గోక్కుంటుంటే నేను మాత్రం గబగబా గీసేశాను. పుస్తకం చూడాల్సిన పనేముంది? కింద ఆకుపచ్చ గిన్నె, మధ్యలో నిలబడ్డ కాడ, తొడిమెకు ఎర్ర దారం. దారానికి ముడి కూడా వేశాను.

పేపర్లు ఇచ్చే రోజు సారు నాది చేతిలో పట్టుకుని నిలబడ్డారు.

"డాక్టరమ్మా, పువ్వేది?"

"గదే సార్."

"రేకులేవి?"

"గిల్లేసినం సార్."

"ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం."

క్లాసు పగలబడి నవ్వింది. ఇంజనీరు బెంచీ మీద దరువేశాడు.

"మరి గీ దారమేంది?"

"గుర్తు సార్. లేకుంటే పొద్దున తెల్వదు గద."

నేల చీలితే బాగుండుననిపించింది. సారు మాత్రం నవ్వలేదు. నా బొమ్మను బోర్డు మీద పెద్దగా వేశారు. ఎర్ర సుద్ద వెతికి తెచ్చి దారం కూడా వేశారు.

"ఇంజనీరూ, నవ్వినవ్ గద. గిదేందో చెప్పు."

వాడు లేచి నిలబడ్డాడు. బోర్డునూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"గిది మన పుస్తకంల నాలుగు లైన్లుంటది. ఎన్నో ఏండ్లసంది ఆ నాలుగు లైన్లు చదివి చెప్తున్న. నా చేతితోటి ఒక్క మొగ్గ గూడ గిల్లలే. గీ పిల్ల ఎన్ని వేలు గిల్లిందో ఆమెకే తెల్వదు."

మార్కులు మాత్రం సున్నా వేశారు. ప్రశ్నలో పువ్వు అడిగితే పువ్వే వేయాలన్నారు.

అంత మాట అన్నా నా చెవుల్లో మిగిలింది ఆ నవ్వే. మూడో రోజు టీసీ ఫారం తీసుకుని స్టాఫ్ రూముకు పోయాను. నాయిన హైదరాబాదులో కోచింగుకు ఒప్పుకున్నాడని, ఇంకోసారి రాస్తానని చెప్పాను. సారు తల ఊపారు.

"మంచిదే. డాక్టరమ్మవు గావాలె గద." పెన్ను తీశారు. తీసి, చున్నీ కింద ఉన్న నా చేతి వంక చూశారు. "సంతకానికి ముందు ఒక్క పని. ఆ గిల్లుడు నాకు నేర్పి పో. నువ్వు పోతే నాకెవరు చెప్తరు? నేర్చుకున్న దినమే సంతకం."

ఫారం నాలుగు మడతలు పెట్టి, జేబులో ఆకు పక్కన పెట్టుకున్నారు.

అన్న మాట ప్రకారం ఆదివారం అయిజ బస్సు దిగి, ఆటో ఎక్కి, మా చేనుకు వచ్చేశారు. తెల్ల చొక్కా, గొడుగు, మా అమ్మకు శ్రమ ఎందుకని సొంతంగా తెచ్చుకున్న టిఫిన్ డబ్బా. డబ్బా చూడగానే అమ్మకు సర్రున కాలింది. "మా ఇంట్ల రొట్టె లేదని ఎవరు జెప్పిండ్రు సారూ?" అంది. సారు మా జొన్నరొట్టె తిన్నారు. ఆయన డబ్బా మా నాయిన తిన్నాడు.

తర్వాత అమ్మ ఆయన్ను ఒక వరసలో నిలబెట్టింది. మొదటి మొగ్గ పట్టుకుని లాగితే కాడతో సహా ఊడొచ్చింది. రెండోదీ అంతే. మూడోది తొడిమెతోనే వచ్చేసింది. అమ్మ కాసేపు ఓర్చుకుంది. ఆమె ఓర్పు ఎంతసేపుంటుందో నాకు తెలుసు కాబట్టి నేను పక్క వరసలోకి తప్పుకున్నాను.

"సారూ, నువ్వు మా చేనుకు పురుగు లెక్క దాపురిస్తివి గదయ్యా!"

"అక్కా, ఇంకొక్కటి..."

"ఒక్కటీ లేదు, రెండూ లేదు. ఏదీ, చెయ్యి జూపియ్." ఆయన చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. "గోరేది? గోరు లేకుండ మొగ్గెట్ల గిల్తవు? పో, పెంచుకొని రా."

అంత పెద్ద చదువు చదివిన మనిషి తలకాయ దించుకుని నిలబడ్డారు. "ఎన్ని దినాలు పడ్తదక్కా?"

"నీ గోరు సంగతి నాకేం తెలుసు సారూ?"

అలా మొదలైంది గోరు పెంపకం. హాజరు అయిపోగానే బొటనవేలు పైకెత్తి, "డాక్టరమ్మా, జర చూడు" అనేవారు. నేను దగ్గరికెళ్లి చూసి, "ఇంకా కాలే సార్" అనేదాన్ని. పది రోజులకల్లా క్లాసంతా దాని మీదే ధ్యాస పెట్టింది. ఇంజనీరు స్కేలు పట్టి కొలిచేవాడు. ఎస్సై కొబ్బరినూనె రాయమని సలహా ఇచ్చాడు. ఒకరోజు బీరువా తాళం తీస్తుంటే గోరు కొస విరిగింది. గదిలో ఒక్కసారిగా "అయ్యో!" అన్న కేక. అందరికంటే గట్టిగా అన్నది నేనే. అన్నాక గుర్తొచ్చింది, నా కోచింగు ఇంకాస్త వెనక్కి పోయిందని.

ఇట్లా నవ్వులాటలో నెల దాటింది. నాయిన ఫోన్ చేశాడు. "ఏమైంది బిడ్డా? ఆ కోచింగోళ్లు ఊకె ఫోన్ చేస్తుండ్రు. వస్తవా, రావా అని." నా భయం నాకు మొదలైంది. ఇటు డాక్టరూ కాకుండా, అటు బాటనీ కాకుండా, తిరిగి చేనులోకే పోతానేమోనని. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో సారు ముందు నిలబడి, ఇంక ఆగలేనని చెప్పేశాను.

ఆయన జేబులోంచి ఫారం తీసి, మడతలు సాపు చేసి, బల్ల మీద పరిచారు. పెన్ను మూత తీశారు.

"నేను నిన్ను ఆపుతలేనమ్మా. గిది నీ కాయితం. గోరు మాట నవ్వులాటకు అన్న. పెట్టమంటవా?"

ఆ ఒక్కసారి డాక్టరమ్మా అనలేదు. నేను ఫారం వంక చూడాల్సింది. పెన్ను పట్టుకున్న ఆయన వేలి వంక చూశాను. గోరు పెరిగింది. సరిగ్గా మొగ్గ గిల్లేంత. చేనులో గిల్లుడు ఇంకో వారమే ఉంది.

"ఈ ఆదివారం ఒక్కసారి రాండ్రి సార్. నేర్చుకున్నంకనే పెడుదురు."

ఎందుకలా అన్నానో చెప్పమంటే, అంతకుముందు నేను ఎవరికీ ఏదీ నేర్పి ఎరగను. సగంలో వదిలేయడానికి మనసొప్పలేదు. అంతే.

ఆ ఆదివారం సారు రెండు చేతుల్తో ఒక సంచిని పట్టుకుని ఆటో దిగారు. మొదటి మొగ్గ పట్టుకున్నారు. గోరు దిగింది. ఒక్క తిప్పు. రేకులు చేతిలోకి వచ్చాయి, కాడ నిటారుగా నిలబడింది. ఆయన దాన్ని అట్లాగే చూస్తూ ఉండిపోయారు. అమ్మ వచ్చి, కాడను పరీక్షించి, తొడిమెకు దారం కట్టి, "ఆఁ, గిప్పుడు అయినవ్ సారువి" అంది.

తర్వాత ఆయన సంచి విప్పారు. కాలేజీ మైక్రోస్కోపు. బస్సులో గద్వాల నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చారట. గట్టు మీద రాయి చూసి దాన్ని నిలబెట్టి, కింద అద్దాన్ని ఎండకు తిప్పారు. మగ పువ్వు పుప్పొడి ఒక్క చిటికెడు గాజు ముక్క మీద రాల్చి, ముందు అమ్మను పిలిచారు. అమ్మ ఒక కన్ను మూయడం రాక రెండూ మూసింది. తర్వాత చెంగుతో ఒక కన్ను కప్పుకుని చూసింది.

"గిదా మేం రాసేది? గిన్ని ముండ్లున్నయేందే దీనికి!"

నేను చూశాను. గుండ్రటి బంతులు, ఒంటినిండా ముళ్లు, పల్లేరుకాయల్లాగా. మూడో తరగతి నుంచి నా వేళ్లకు అంటిన దుమ్ము అది. బట్టలకూ, జుట్టుకూ, అన్నం ముద్దకూ అంటింది. దానికొక రూపం ఉంటుందని నాకు తెలియదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనో, ఇన్నేళ్లూ ఇది నాకెవరూ చూపించలేదే అన్న కోపంతోనో. సారు చూడనట్టు అటు తిరిగి అద్దం సవరించుకున్నారు. ఆ రోజు ఆ గట్టు దిగబుద్ధి కాలేదు నాకు. చేను విడిచి పారిపోవాలనుకున్న పిల్లనే.

సాయంత్రం ఆటో దగ్గర సారు జేబు తడుముకుని ఫారం తీశారు.

"నేర్చుకున్న గద. సంతకం మరి?"

"పెన్ను లేదు సార్."

పెన్ను ఆయన జేబులోనే ఉంది. ఆకు పక్కన మెరుస్తోంది. ఇద్దరం చూశాం.

"అవును, పెన్ను లేదు గద" అన్నారు సారు.

నాయినకు చెప్పడానికే రెండు రోజులు పట్టింది. "డాక్టరని ఊరంత చెప్పుకున్న బిడ్డా. గిప్పుడు బాటనీ అంటే ఏందని చెప్పాలె?" అన్నాడు. "సీడు పత్తి చదువని చెప్పు నాయినా" అన్నాను. అట్లాగే చెప్పాడు. ఊళ్లో ఇప్పటికీ నన్ను పత్తి మేడం అంటారు.

సారు మాత్రం డాక్టరమ్మా అనడం మానలేదు. మరుసటి ఏడు క్లాసు మొత్తాన్ని మా చేనుకు తీసుకొచ్చారు. అమ్మ అందరి గోళ్లూ పరీక్షించి సగం మందిని గట్టు మీద కూర్చోబెట్టింది. అప్పుడూ నేను డాక్టరమ్మనే. ఫైనలియర్ వచ్చేసరికి ఆ పిలుపులో నాకు మంట పోయింది. కానీ ఏదో బాకీ ఉన్నట్టు మాత్రం ఉండేది.

పీజీకి ఆన్‌లైన్లో ఫారం నింపే రోజు బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరుకు పోయాను. మొదటి కోరిక అన్న దగ్గర బాటనీ పెట్టించాను. కుర్చీలో కూర్చున్నాయన రెండో కోరిక అడిగాడు. ఏమీ లేదన్నాను. "ఖాళీగ ఎవరన్న పెడ్తరా అక్కా? జువాలజీ కొట్టనా?" అన్నాడు. వద్దన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి ప్రింటు తీసిచ్చాడు.

ఆ కాగితం సారుకు చూపించాను. చదివారు. రెండోది వెనక ఉందేమోనని తిప్పి చూశారు.

"రెండోది?"

"లేదు సార్."

"రాకుంటే?"

"మల్లొచ్చే ఏడు రాస్త. గిదే రాస్త."

కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు. కాగితం తిరిగిచ్చేశారు.

మర్నాడు పొద్దున హాజరు.

"ఇంజనీరు?"

"ప్రెజెంట్ సార్."

"ఎస్సై?"

"ప్రెజెంట్ సార్."

"జములమ్మ?"

ఎవరూ పలకలేదు. ఎవరా అని నేనూ వెనక్కి చూశాను.

"జములమ్మ రాలేదా?"

ఇంజనీరు నా వైపు తిరిగి, "ఏయ్, నిన్నే!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నా పేరు అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. లేచి నిలబడి చెయ్యెత్తాను. సారు టిక్కు పెట్టుకుని తర్వాతి వాళ్లను పిలిచారు.

రిటైరయ్యాక సారు వనపర్తిలో ఉండేవారు. ఈ ఎండాకాలంలో పోయారు. పదో రోజు భోజనాలకు పోతే, ఏ వరసలో చూసినా ఏదో ఒక బ్యాచి ఆయన పిల్లలే. ఇంజనీరు ఇప్పుడు బడిలో సైన్సు చెబుతున్నాడు. వాడూ వచ్చాడు. విస్తళ్ల ముందు మాటల్లో, "పాపం, కండక్టర్ కావాలనుకున్న మనిషి" అన్నాన్నేను.

ఎదుటి వరసలో ఒకాయన తల ఎత్తాడు. "కండక్టరేంది? రైల్వే గార్డు గద! మాకు గట్లనే చెప్పిండు."

"కాదు కాదు, మిలిటరీ" అన్నారు ఇంకొకరు. "ఛాతీ చాలలేదని చెప్పిండు."

"మా బ్యాచికి తబలా!"

గోడకానుకుని కూర్చున్న సారు భార్య నవ్వేసింది. పది రోజుల తర్వాత మొదటిసారి నవ్విందట. "అన్నీ అబద్ధాలే బిడ్డా. ఆయనకు చిన్నప్పటిసంది చెట్లే. కాలేజీ ఫారంల ఇంకో సబ్జెక్టు రాయకుండ ఖాళీగ ఇచ్చొచ్చిండని మా మామ చింతబరికె తీసుకొని కొట్టిండంట. పెండ్లిచూపులకొచ్చి నన్ను అడిగింది ఒక్కటే మాట. మీ వాకిట్ల ఉన్న చెట్టు పేరేందని. నాకు తెల్వదంటే, చెప్త తియ్యి, మస్తు టైముంది గద అన్నడు." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇగ ఆ గోరు! తియ్యవయ్యా అంటే తియ్యకపాయె. పాల ప్యాకెట్లు చింపనీకి తప్ప దేనికి పనికొచ్చింది?"

నేను విస్తరి మీద తల దించుకున్నాను. సారు మా అందరి పక్కనా కూర్చోవడానికి, ఏటా ఒక కొత్త ఓటమి కల్పించుకున్నారన్నమాట.

అమ్రాబాద్ పిల్ల మర్నాడు మళ్లీ వచ్చింది. నేను ఆమె రికార్డు తెరిచి పెట్టుకుని ఉన్నాను. ఆకులు ఎండబెట్టి అంటించి, కింద పేరు రాసే పుస్తకం అది. ఒక పేజీలో ఆకు కింద వాళ్ల పెంటలో, అంటే అడవిలోని గూడెంలో, పిలిచే పేరు మాత్రమే ఉంది.

"గీ చెట్టు నేనెప్పుడు చూడలే. పుస్తకంల దీన్నేమంటరు?"

"ఆకు తోటి ఎట్ల తెలుస్తది మేడం? పువ్వు గావాలె గద. అది శివరాత్రికి గానీ పూయదు" అంది, ఇదీ తెలియదా అన్నట్టు.

ఫారం బల్ల మీద పరిచాను. పెన్ను మూత తీసి దాని పక్కన పెట్టాను.

"గిది నీ కాయితం. ఇప్పుడే పెట్టమన్న పెడ్త. నిన్ను ఆపుతలే. కానీ నువ్వు పోతే ఆ పువ్వు నాకెవరు చూపిస్తరు?"

ఆ పిల్ల ఫారం వంక చూసింది. తెరిచి ఉన్న రికార్డు వంక చూసింది. వేలితో ఆకు అంచును సవరించింది. కొంచెంసేపటికి అడిగింది.

"మీకు గూడ బాటనీయే గావాల్నుండెనా మేడం?"

నిజం చెప్పాలంటే మెడిసిన్ అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ మాట ఇప్పుడు అంటే అబద్ధం చెప్పినట్టే ఉంటుంది. అబద్ధమే చెప్పాల్సి వస్తే మంచిది చెప్పొచ్చు కదా.

"నాకా? బస్ కండక్టర్ గావాల్నుండె. తోలు సంచి ఏసుకొని, విజిల్ ఊదుకుంట, రాయచూరు దాక పోవాల్నని. నౌకరీ రాలే."

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెన్ను మా ఇద్దరి మధ్యా బల్ల మీదే ఉంది. ఇద్దరం ముట్టుకోలేదు.